సొంత కారు – సొంత పని – ఇన్సూరెన్సు

సంపాదకులవారికి,

అయ్యా,

సొంత కారును వ్యాపారపు పనిమీద త్రిప్పితే ఇన్సూరెన్సు చెల్లదని ఒక మాట మా ఊరి బజారులో చాలాకాలంగా చెలామణి అవుతున్నది. ఆ మాట నమ్మి నేను కూడ నాకు న్యాయంగా రావలసిన డబ్బును వదులుకొనేవాడిని. అందులో సగం నిజము, సగం అబద్ధము ఉన్నవని తెలుసుకొనుటకు పదకొండు నెలలు పట్టింది. నావలెనే పరరాష్ట్రాలలో తరతరాలుగా స్థిరపడి, చిన్న వ్యాపారానికో ఉద్యోగానికో కారును పనిముట్టుగా వాడుకొనే తెలుగువారు తమ పాఠకులలో అనేకులున్నారు. వారి కోసం ఈ ఉత్తరం వ్రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, మన్నించవలెను.

మాది బళ్ళారి. మా ముత్తాతగారి కాలంనుంచీ ఇక్కడే. 1953 అక్టోబరు 1వ తేదీన ఈ ఊరు మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో ఉండిపోయినవి. గీత గీసినవారు గీసినారు గాని, మా బేరసారాలూ వియ్యాలూ ఆ గీతను ఎన్నడూ లెక్కచేయలేదు. బళ్ళారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే పరిశ్రమ గురించి పాఠకులు వినియే ఉంటారు. అందులో నాది ఎనిమిది మిషన్ల చిన్న యూనిట్. నెలకు రెండు మూడు సార్లు నా కారులోనే ఆదోని, గుంతకల్లు, రాయదుర్గం వెళ్ళి అంగళ్ళవారికి కొత్త రకాలు చూపించి ఆర్డర్లు తెచ్చుకొంటాను. కారు నా పేర ఉన్నది, తెల్ల నెంబరు పలక.

2023 నవంబరులో ఒక సాయంత్రం ఆదోనికి పోతూ ఆలూరు దాటిన తరువాత ఒక బర్రె అడ్డం వచ్చింది. దానిని తప్పించబోయి కల్వర్టు గోడకు గ్రుద్దినాను. దైవకృప వలన నాకు గాని బర్రెకు గాని ఏమీ కాలేదు. కారు ముందుభాగం మాత్రం నుజ్జయింది. మర్నాడు సర్వేయరుగారు వచ్చి ఫొటోలు తీసికొని, డిక్కీ తెరిపించినారు. అందులో రెండు మూటలు. ఒకదానిలో నలభై ప్యాంట్లు, రంగుకొకటి, సైజుకొకటి, అంగళ్ళలో చూపుటకు. రెండవదానిలో అరవై ప్యాంట్లు. అవి ఒక అంగడివారు అంతకుముందే ఆర్డరిచ్చినవి, పోతూ పోతూ దించి పోదామని వేసికొన్నాను.

జనవరిలో కంపెనీనుంచి నాలుగు పంక్తుల ఉత్తరం వచ్చింది. ప్రైవేటు కారులో సరుకు రవాణా చేసినందున పాలసీ షరతు ఉల్లంఘించినట్లయినదనీ, క్లెయిము త్రోసివేయడమైనదనీ దాని సారాంశం. మా ఏజెంటు కుర్రవాడు, "వదిలేయండి అన్నా, పనికి వాడిన కారుకు ఏ కంపెనీ ఇవ్వదు" అన్నాడు. మా అన్న కొడుకు ఇంకొక ఉపాయం చెప్పినాడు. "చిన్నాయనా, ఆ ప్యాంట్లన్నీ మన ఇంటివారివేనని వ్రాసి ఇవ్వు, సొంత సామానుకు అభ్యంతరం లేదంట." నూరు ప్యాంట్లు సొంత సామాననుటకు నాకున్నవి రెండే కాళ్ళు. పైగా అబద్ధం వ్రాసి సంతకం పెడితే ఉన్న న్యాయం కూడ పోతుంది.

అప్పుడు గాని పాలసీ కాగితం తీసి చదవలేదు. అదివరకు ఏటేటా ప్రీమియం కట్టి బీరువాలో పడవేయడమే. మీలో ఎంతమంది చదివినారో నాకు తెలియదు గాని, ఇంగ్లీషులో చీమ తలంత అక్షరాలతో వేసిన ఆ కాగితంలో, వాడకానికి హద్దులు చెప్పే భాగం ఒకటి ఉంటుంది. కారును ఏ పనికైనా వాడవచ్చును, ఈ క్రిందివి తప్ప, అని మొదలవుతుంది. ఆ తప్పించినవి ఇవి: బాడుగకు గాని ప్రతిఫలానికి గాని త్రిప్పడం, సరుకు మోయడం, పందెములు, వేగ పరీక్షల వంటివి, మోటారు వ్యాపారానికి సంబంధించిన పనులు. సరుకు అన్నచోట మళ్ళీ కుండలీకరణాలలో "నమూనాలు, సొంత సామాను కాక" అనే అర్థం వచ్చే మాటలున్నవి.

నాకు కండ్లు తెరుచుకొన్నది ఇక్కడనే. సొంత వ్యాపారం పనిమీద పోరాదని అందులో ఎక్కడా లేదు. డాక్టరుగారు రోగి ఇంటికి పోవచ్చును. బ్యాంకు ఉద్యోగి అప్పు విచారణకు పల్లెకు పోవచ్చును. మందుల కంపెనీవారి ప్రతినిధి నమూనాల పెట్టెతో పది ఊళ్ళు తిరుగవచ్చును. నేను ఆర్డర్ల కోసం ఆదోని పోవడం తప్పు కాదు, నా నలభై ప్యాంట్ల మూట తప్పు కాదు. తప్పల్లా ఆ అరవై ప్యాంట్ల మూటది. అది అమ్మకపు సరుకే, నేను కాదనలేదు. కంపెనీవారికి వ్రాసిన ఉత్తరంలో కూడ కాదనలేదు.

అయితే ఒక మూట సరుకుకు మొత్తం క్లెయిము పోవలెనా? బర్రె అడ్డం వచ్చింది ప్యాంట్ల మూలాన కాదు గదా. బెంగళూరులో చదువుకొంటున్న మా అమ్మాయి వెదకి చెప్పింది. 2008లో నితిన్ ఖండేల్వాల్ కేసులో, 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టువారు ఇటువంటి ప్రశ్ననే తీర్చినారు. మొదటి దానిలో ప్రైవేటు బండిని టాక్సీగా త్రిప్పుతుండగా దొంగలు పట్టుకపోయినారు. రెండవ దానిలో బాడుగకిచ్చిన కారు ప్రమాదంలో దెబ్బ తిన్నది. వాడకపు షరతు తప్పినంత మాత్రాన బండి నష్టపు క్లెయిమును బొత్తిగా త్రోసివేయరాదనీ, నూటికి డెబ్బదియైదు వంతుల లెక్కన తీర్చవచ్చుననీ తీర్పు వచ్చింది. నాది బాడుగ కూడ కాదు, ఒక మూట సరుకు.

ఈ రెండు తీర్పులను పేర్కొని కంపెనీ ఫిర్యాదుల అధికారికి రిజిస్టరు ఉత్తరం వ్రాసినాను. నెల గడిచినా జవాబు లేదు. తరువాత బెంగళూరులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ కార్యాలయానికి ఫిర్యాదు పంపినాను. దీనికి రుసుము లేదు, వకీలు అవసరం లేదు. విచారణ తేదీకి ముందే కంపెనీవారు దిగివచ్చినారు. తరుగుదల వగైరాలు పోను సర్వేయరు కట్టిన నష్టం 1,84,000 రూపాయలు. అందులో డెబ్బదియైదు వంతులు, అనగా 1,38,000 రూపాయలు 2024 అక్టోబరులో నా ఖాతాలో పడినవి. పోయిన 46,000 ఆ అరవై ప్యాంట్లకు నేను కట్టిన బాడుగ అనుకొంటున్నాను. లారీ పార్సిలుకు మూడు వందలయ్యేది.

ఈ అంబుడ్స్‌మన్ సంగతి మనవారికి తెలియవలెను. కంపెనీ కాదన్న నాటినుంచి, లేక నెలలోపల జవాబు రానినాటినుంచి, ఒక సంవత్సరంలోగా ఫిర్యాదు చేయవలెను. 50 లక్షల రూపాయల వరకు వ్యవహారం వారు చూస్తారు. కర్ణాటకవారికి బెంగళూరు, తమిళనాడువారికి చెన్నై, ఒడిశావారికి భువనేశ్వర్. మహారాష్ట్రలో ప్రాంతాన్ని బట్టి కార్యాలయం మారుతుంది. యానాంవారు పుదుచ్చేరి ప్రభుత్వం క్రింద ఉన్నారు గనుక చెన్నైకి పోవలెనని అనుకొంటారేమో, అక్కరలేదు. యానాం హైదరాబాదు కార్యాలయం క్రిందనే ఉన్నది.

ఇంతవరకు చెప్పినది కారు నష్టం మాట. ఇతరులకు దెబ్బ తగిలితే కథ వేరు, అది చాల భయంకరమైనది. హోసూరులో మా బావమరిది ఉన్నాడు. మంచివాడే, ఎవరేమడిగినా కాదనలేడు. ఆదివారాలు, ముహూర్తాల రోజులలో తన కారును పెళ్ళివారికి రోజుకింత అని ఇచ్చేవాడు. 2019లో అట్లా ఇచ్చిన రోజుననే ఒక సైకిలువాడికి కారు తగిలి కాలు పోయింది. ట్రిబ్యునలువారు బాధితునికి పరిహారం ముందు కంపెనీయే చెల్లించవలెననీ, తరువాత ఆ సొమ్మును కారు యజమాని వద్ద రాబట్టుకొనవచ్చుననీ ఆజ్ఞాపించినారు. సైకిలువానికి డబ్బు అందింది, అది ధర్మమే. మా బావమరిది ఆరు లక్షలు బాకీ పడినాడు, తల్లి పేర ఉన్న స్థలం అమ్మినాడు. పెళ్ళివారు ఇచ్చిన బాడుగ ఆ రోజుకు రెండున్నర వేలు.

మూడవవారికి కలిగే నష్టానికి ఇన్సూరెన్సు మన దేశంలో 1946 జూలై 1వ తేదీనుంచి తప్పనిసరి. ఇప్పుడున్నది 1988 నాటి మోటారు వాహనాల చట్టం. పర్మిటు లేని బండిని బాడుగకు త్రిప్పడం, కంపెనీ తన బాధ్యతను కాదనుటకు ఆ చట్టమే ఒప్పుకొన్న కారణాలలో ఒకటి. కనుక కారును బాడుగకు త్రిప్పదలచినవారు పసుపు పలక, పర్మిటు, దానికి తగిన పాలసీ తీసికొనవలెను. ఖర్చు ఎక్కువే. రోజంతా రోడ్డుమీద ఉండే బండికి ప్రమాదం ఎక్కువ గనుక ప్రీమియం ఎక్కువ అడగడంలో అన్యాయమేమీ నాకు కనిపించదు. రాత్రిపూట సొంత మోటారు సైకిళ్ళమీద భోజనపు పొట్లాలు చేరవేసే మన పిల్లల తల్లిదండ్రులు ఈ రాత్రే వారి పాలసీలు తీసి చూడవలెను.

పనివారిని ఎక్కించుకొని పోయేవారికి ఒక మాట. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే కారులో కూర్చున్నవారికి అది వర్తించదు, సమగ్ర పాలసీ అయితే వర్తిస్తుందని 2012లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టువారు తేల్చినారు. నా యూనిట్ టైలర్లు ఇద్దరు తరచు నా ప్రక్కన కూర్చుంటారు. అది చదివిన తరువాత నేను మళ్ళీ చౌక పాలసీ మాట ఎత్తలేదు. జీతపు డ్రైవరున్నవారు అతని కోసం కొద్దిపాటి అదనపు ప్రీమియం కట్టి ఆ మాట పాలసీలో వ్రాయించుకొనవలెను. కారు యజమానే నడుపుతూ ప్రమాదానికి గురియైతే వచ్చే 15 లక్షల సొంత ప్రమాద బీమా, కారు కంపెనీ పేర గాని భాగస్వామ్య సంస్థ పేర గాని ఉంటే దొరకదు. ఆదాయపు పన్ను కలసివస్తుందని కారును సంస్థ పేర పెట్టే మా బజారువారికి ఈ సంగతి తెలియదు. ఆఫీసు పనిమీద తిరిగి కిలోమీటరుకు ఇంత అని ఖర్చు పుచ్చుకొనే ఉద్యోగులు ఆ విషయం కంపెనీకి ముందే వ్రాసి, వచ్చిన జవాబును పాలసీతోపాటు దాచుకొనడం మేలు.

ఇక నా ఫిర్యాదు. సరుకును గురించిన ఆ షరతు, కారంటే కలవారి షికారు బండి, సరుకంటే లారీ, అని రెండూ వేరువేరుగా ఉన్న రోజుల మనుష్యులు వ్రాసినట్లున్నది. ఇప్పుడు ఈ రెండిటి నడుమ మావంటివారు వేలకొలది ఉన్నారు. కంచిలో చీరలు, బరంపురంలో పట్టు, హోసూరులో పూలు, బళ్ళారిలో ప్యాంట్లు. కారు డిక్కీయే మాకు అంగడి. బాడుగ పుచ్చుకొనకుండ తన సరుకును తన కారులో ఇంత బరువు వరకు తీసికొనిపోయే చిన్న వ్యాపారికి, న్యాయమైన అదనపు ప్రీమియం పుచ్చుకొని ఆ హద్దు ఎందుకు సడలించరాదు? మేము కట్టమని అనలేదు. అడిగినవారెవరూ లేరని కంపెనీలు అనవచ్చును, అందుకే ఇప్పుడు అడుగుతున్నాను. ఏజెంట్లు కూడ పాలసీ అమ్మేటప్పుడు, "కారు దేనికి వాడతారు?" అని ఒక్క ప్రశ్న వేసి, ఆ నాలుగు హద్దులను మనకు తెలిసిన భాషలో చదివి వినిపించవలెను. బళ్ళారిలో కన్నడం, తెలుగు రెండూ రాని ఏజెంటు ఉండడు. చెప్పుటకు భాష అడ్డం కాదు, చెప్తే బేరం పోతుందనే భయమే అడ్డం.

ఈ సంవత్సరం పాలసీ మార్చేటప్పుడు నా సందేహాలు మూడింటిని కాగితంమీద వ్రాసి ఇచ్చినాను. రెండింటికి జవాబు వచ్చింది. సరుకు సంగతికి ఇంకా రాలేదు. అది వచ్చేదాకా అమ్మకపు మూటలను పార్సిలు లారీకి వేస్తున్నాను. కారులో నమూనాలు మాత్రమే పెడుతున్నాను, రకానికొకటి, జాబితాతో సహా.

ఇట్లు,
ఒక చిన్న వ్యాపారి,
బళ్ళారి.