చక్రం మూలిగితే

రోగం ముదిరి మంచం పట్టేదాకా నోరు విప్పని మనుషులు కొందరుంటారు. మోటారు బండి చక్రం అలాంటిది కాదు. దాని బేరింగు అరగడం మొదలు కాగానే మూలుగుతుంది. ఆ మూలుగు వినపడకుండా పాట హోరు పెంచుకుంటే, అది బండి తప్పు కాదు గదా! మన కుటుంబాలలో పెళ్ళికనీ, పురిటికనీ, తిరుపతి కొండకనీ ఏటా దూర ప్రయాణాలు తప్పవు. హోసూరు నుంచి బయలుదేరినా, బరంపురం నుంచి బయలుదేరినా బండిలో ఉండేది ఇంటిల్లిపాదీ. అందుచేత ఈ నెల వెనుక చక్రాల బేరింగుల సంగతి ముచ్చటించుకుందాం. ఈ పని ఇంట్లో చేసుకోవచ్చునా అంటే, చేసుకోవచ్చుననే మేము చెబుతాము. అయితే దీనిలో రెండు చోట్ల పొదుపు గాని, తొందర గాని పనికిరావు. ఒకటి బండిని ఎత్తి నిలబెట్టడం. రెండవది చివరి నట్టు బిగించడం. తక్కినదంతా ఓపిక పని.

ఎద్దుబండి ఎక్కి పెరిగిన పెద్దలకు ఇందులో కొత్త ఏమీ లేదు. ఇరుసు ఉంటుంది, దాని మీద చక్రం తిరుగుతుంది, రాపిడి తగ్గడానికి కందెన పెడతారు, చక్రం జారిపోకుండా సీల దూరుస్తారు. మోటారు బండిలో ఇరుసుకూ చక్రానికీ మధ్య రెండు ఉక్కు వలయాలు, వాటి నడుమ ఉక్కు గుండ్లు చేరాయి. అదే బేరింగు. కందెన గ్రీజయింది. సీల స్ప్లిట్ పిన్ను అయింది. సూత్రం మాత్రం అదే.

మేము ఇక్కడ చెప్పేది మారుతి 800 బండిని దృష్టిలో పెట్టుకుని. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 ఆరంభంలో తయారీ ఆగిపోయిన ఆ చిన్న బండి తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించి ఈనాటికీ కొన్ని ఇళ్ళలో నడుస్తున్నది. దానిలో ఇంజను శక్తి ముందు చక్రాలకు పోతుంది. వెనుక చక్రాలు బరువు మోస్తూ తిరుగుతాయి, అంతే. అందువల్ల పని సులువు. అంబాసిడర్, పద్మిని వంటి పాత బండ్లలో శక్తి వెనుక చక్రాలకే పోతుంది గనుక వాటి ఇరుసు అమరిక వేరు. ఆ పని వర్క్‌షాపుకే వదలండి. ఈనాటి కొత్త బండ్లు కొన్నింటిలో బేరింగు, హబ్బు కలిసి ఒకే ముక్కగా వస్తాయి, పక్కనే ఏబీఎస్ తీగ కూడా ఉంటుంది. వాటికి ఈ పద్ధతి వర్తించదు.

ముందు రోగ నిర్ణయం. బండి కొంత వేగం అందుకున్న తరువాత వెనుక నుంచి తుమ్మెద ఝంకారం వంటి ధ్వని మొదలై, వేగంతో పాటు పెరుగుతుంది. ఖాళీ రోడ్డు మీద గేరు న్యూట్రల్‌లో పెట్టి చూడండి. ఇంజను నెమ్మదించినా ధ్వని తగ్గకపోతే దోషం చక్రాలదే. టైరు మోత అయితే రోడ్డు మారినప్పుడు మారుతుంది. తారు రోడ్డు మీద ఒక తీరు, సిమెంటు రోడ్డు మీద మరొక తీరు. బేరింగు మూలుగు సామాన్యంగా రోడ్డును లెక్కచెయ్యదు. అనుమానం తీరకపోతే ముందు టైర్లు వెనక్కూ, వెనుకవి ముందుకూ మార్చండి. ధ్వని కూడా చోటు మారితే అది టైరుదే. ఇంకొక గుర్తు: కుడివైపు మలుపు తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రాల మీదికి ఒరుగుతుంది. అప్పుడు మూలుగు హెచ్చితే ఎడమ బేరింగును అనుమానించాలి. చివరి పరీక్షకు చక్రాన్ని ఎత్తి, హ్యాండ్‌బ్రేకు వదలి చేత్తో తిప్పాలి. తిరగలిలో ఇసుక పడినట్లు గరగరలాడినా, పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమని కదిలినా సందేహం అక్కర్లేదు.

ఇది వాయిదా వేయదగిన పని కాదు. గుండ్ల మీద చిన్న గుంటలు పడతాయి, వేడి పుడుతుంది, గ్రీజు కరిగి కారుతుంది, చక్రం వదులవుతుంది. అప్పుడు బ్రేకు కూడా సరిగా పట్టదు. ఆ స్థితిలోనూ తిప్పుతూ పోతే బేరింగు బిగుసుకుపోవడమో, చక్రం ఊడిపోవడమో జరగవచ్చు. అది ఘాట్ రోడ్డు మీద జరిగితే ఏమవుతుందో వేరే వివరించనక్కరలేదు. చక్రాలు మునిగే నీటిలో నడిచిన బండికి ఈ రోగం తొందరగా వస్తుంది. 2015 డిసెంబరు వరదలలో చెన్నైలో ఎన్ని బండ్లు నీటిలో నిలిచిపోయాయో అందరికీ తెలిసినదే. నీరు చేరిన బేరింగులో గ్రీజు చెడి, ఉక్కు తుప్పు పడుతుంది.

ఇక ఎత్తడం. చదునైన గట్టి నేల చూడండి. ముందు చక్రాలకు రెండు వైపులా కొయ్య దిమ్మలు అడ్డం పెట్టి, గేరులో ఉంచండి. వెనుక చక్రం తిరగాలంటే హ్యాండ్‌బ్రేకు వదలక తప్పదు గనుక ఈ రెండే బండిని ఆపేవి. చక్రం నేల మీద ఉండగానే, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రం నట్లు కొద్దిగా వదులు చేయండి. నడిమి గ్రీజు మూత తీసి, స్ప్లిట్ పిన్ను లాగి, పెద్ద నట్టును కూడా అప్పుడే కదిలించండి. ఎత్తిన తరువాత దాని మీద బలం ప్రయోగించకూడదు. జాకీతో ఎత్తాక ఇరుసు కింద ఇనుప స్టాండు పెట్టి, బరువు దాని మీదికి దించాలి. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. ఇటుకలు బరువుకు పొడి అయిపోతాయి, వాటిని నమ్మకండి. స్టాండు లేకపోతే అరువు తెచ్చుకోండి. అదీ దొరకకపోతే పని మానుకోండి. పిల్లలను బండిలో కూర్చోనివ్వకండి. తమ్ముడినో, బావమరిదినో తోడు పిలవండి. ఒంటరిగా చేయదగిన పని కాదు.

చక్రం, పెద్ద నట్టు, దాని కింది వాషరు తీసి, హ్యాండ్‌బ్రేకు వదిలితే బ్రేకు డ్రమ్ము బయటికి రావాలి. రాకపోతే సుత్తితో మోదకండి. డ్రమ్ములో మరలున్న రంధ్రాలు ఉంటే తగిన బోల్టులు ఎక్కించి, అటొక చుట్టు ఇటొక చుట్టు సమంగా బిగిస్తే అదే కదిలి వస్తుంది. లోపలి దుమ్మును నోటితో ఊదవద్దు. అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారవేయండి.

బేరింగులు డ్రమ్ములోనే ఉంటాయి: లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి, నడుమ ఒక గొట్టం ముక్క. ఆ గొట్టాన్ని కొద్దిగా పక్కకు జరిపితే బేరింగు అంచు కనిపిస్తుంది. ఇత్తడి కడ్డీ ఆనించి, చుట్టూ చోటు మారుస్తూ కొద్దికొద్దిగా కొట్టి దించండి. ఒకే వైపు కొడితే అడ్డంపడి ఇరుక్కుంటుంది. రెండూ తీశాక గూళ్ళు శుభ్రం చేసి చూడండి. పాత బేరింగు గూటిలోనే తిరిగి గూడు అరిగిపోయి ఉంటే కొత్త బేరింగు నిలవదు, డ్రమ్మే మార్చాలి. అరిగింది ఒకటే అయినా రెండూ కొత్తవే వేయండి. పాతవి దుకాణానికి తీసుకుపోయి, వాటి మీది నంబరు చూపి, నమ్మకమైనచోట బిల్లుతో కొనండి. బేరింగులలో నకిలీలు ఉన్నవి సుమా!

కొత్త బేరింగులను గుడ్డలో, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒక రాత్రి ఫ్రిజ్‌లో మంచు అరలో ఉంచండి. గృహిణి అనుమతి ముందుగా పొందడం మంచిది. చలికి ఉక్కు రవంత ముడుచుకుంటుంది. డ్రమ్మును ఎండలో వేడెక్కనిస్తే గూడు రవంత సాగుతుంది. అప్పుడు తక్కువ దెబ్బలతో కూర్చుంటుంది. ఆ దెబ్బలు బయటి వలయం మీదనే పడాలి. పాత బేరింగు బయటి వలయాన్నో, అంత వెడల్పు గల గొట్టాన్నో ఆనించి కొట్టండి. లోపలి వలయం మీద కొడితే ఆ దెబ్బ గుండ్లలోకి పోయి గుంటలు పడతాయి. కొత్త బేరింగు మూలుగుతోనే పుడుతుంది. మొదటి బేరింగు కూర్చున్నాక, గొట్టం ముక్క పెట్టి, ఆ తరువాతనే రెండవది వేయాలి. గొట్టం మరచి నట్టు బిగిస్తే బరువంతా గుండ్ల మీద పడి నలిగిపోతాయి.

బేరింగుల మధ్య ఖాళీలో చక్రాలకు తగిన గ్రీజు మూడవ వంతుకు కాస్త మించి వేయండి చాలు. ఎక్కువ పెడితే వేడెక్కి, కరిగి బ్రేకు షూల మీదికి చేరుతుంది. షూకు జిడ్డు అంటిన చక్రం బ్రేకు వేసినా ఆగదు.

ఇప్పుడు నట్టు. కొన్ని బండ్లలో కోను ఆకారపు రోలర్లు ఉంటాయి. వాటి నట్టును బిగించి, కాస్త వదులు చేసి ఉంచుతారు. ఇక్కడ ఉన్నవి గుండ్లూ, నడుమ గొట్టమూ గనుక పూర్తిగా బిగించాలి. ఎంత బలంతో అన్నది మీ బండి పుస్తకంలో ఉంటుంది. బలం కొలిచే టార్క్ పానా అద్దెకైనా తెచ్చి బిగించండి. చేతి అంచనా చాలదు. స్ప్లిట్ పిన్ను రంధ్రం సరిపడకపోతే కొంచెం ఇంకా బిగించి సరిచేయాలి గాని వెనక్కు తిప్పకూడదు. పిన్ను ప్రతిసారీ కొత్తదే వేయాలి. దాని ఖరీదు కొద్ది రూపాయలు. పాత పిన్ను విరిగితే, ఆ రూపాయలు మిగుల్చుకున్న తెలివి ఎవరికి ఉపయోగం?

చక్రం పెట్టి, చేత్తో తిప్పి, ఊపి చూడండి. చప్పుడు గాని, కదలిక గాని ఉండకూడదు. బండి దించి, చక్రం నట్లు నేల మీద పూర్తిగా బిగించి, బ్రేకు పెడల్ నాలుగైదుసార్లు తొక్కిన తరువాతనే కదలండి. మెల్లగా ఐదారు మైళ్ళు పోయి వచ్చి, రెండు వెనుక చక్రాల నడిమి మూతలకూ చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. ఒకటి మరొకదానికన్నా చాలా వేడిగా ఉంటే తిరిగి విప్పాలి. కొన్ని పదుల మైళ్ళు తిరిగాక చక్రం నట్లు మరొకసారి బిగించండి.

ఈ పనికి సెలవు రోజు ఒకటి చాలు. ప్రయాణం ముందురోజు సాయంత్రం మాత్రం మొదలుపెట్టకండి. చీకటి పడుతున్నదని, వంట అయిపోయిందని తొందరపడే చేతులకు స్టాండు అనవసరంగానూ, కొత్త పిన్ను దండుగగానూ తోస్తాయి. పైన చెప్పిన చోట్లలో ఎక్కడైనా చెయ్యి తడబడితే మెకానికును పిలవండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఇంటి పని నేర్చుకోవడమంటే, ఎంతవరకు మన పనో తెలుసుకోవడం కూడా.