శుభ్రమైన ప్రేమలో మైల ఎవరిది?

‘శుభ్రమైన ప్రేమ నవల’ అనే మాటతో నాకు పేచీ ఉంది. క్రైస్తవ ప్రేమ నవలలు చదివేవాళ్లూ, అమ్మేవాళ్లూ, పిల్లల చేతికిచ్చే పెద్దవాళ్లూ వాటికిచ్చే మొదటి సర్టిఫికెట్ ఇదే. పెళ్లికి ముందు ముద్దు దాటి పోరు, బూతు మాట ఉండదు, చివరికి ఇద్దరూ కలిసి దేవుడి దగ్గరికి చేరతారు, కాబట్టి శుభ్రం. కానీ మన నేల మీద ఆ మాట అంత అమాయకమైంది కాదు. మడి, మైల, అంటు అనే మాటల మధ్యే అది పెరిగింది. ఎవరు శుభ్రం, ఎవరు కాదు అనే లెక్కతోనే మన ఊళ్లలో వీధులు వేశారు, బావులు తవ్వారు, పెళ్లిళ్లు కుదిర్చారు. అందుకే ఎవరైనా ఒక పుస్తకాన్ని శుభ్రం అన్నప్పుడు, అందులోంచి ఏం కడిగేశారు, కడిగిన నీళ్లు ఎవరి గుమ్మంలో పోశారు అని అడగాలనిపిస్తుంది.

ఈ నవలలు మనవి కావు. 1979లో జానెట్ ఓక్ రాసిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ తర్వాత అమెరికాలో వీటికి పెద్ద మార్కెట్ ఏర్పడింది. ప్రేమ నవలల వ్యాపారంలో అప్పటికే ఆరితేరిన హార్లెక్విన్ కంపెనీ 1997లో ‘లవ్ ఇన్‌స్పైర్డ్’ పేరుతో వీటికోసం ప్రత్యేకంగా ఒక వరస మొదలుపెట్టింది. ఈనాటి కథలైతే చిన్న ఊరు, భార్య పోయిన డాక్టరు, మనసు విరిగి పుట్టింటికొచ్చిన అమ్మాయి, మధ్యలో ఒక చర్చి. చారిత్రక కథలైతే గుర్రాలు, బంగారు గనులు, పడమటికి వెళ్లే బండ్లు. మా వన్ టౌన్‌కి ఇవి కొత్త పుస్తకాల షాపుల్లోంచి రావు. అలంకార్ సెంటర్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల గుట్టల్లోంచి, విదేశాల్లో నర్సులుగా చేస్తున్న అక్కల సూట్‌కేసుల్లోంచి, ఇప్పుడైతే ఫోన్లలోకీ వస్తున్నాయి. చదివేది కాన్వెంటు టీచర్లు, నర్సింగ్ పిల్లలు, వస్త్రలతలో బిల్లులు రాసే అమ్మాయిలు.

వీటి గురించి రెండు వర్గాలు మాట్లాడతాయి, రెండూ చదవవు. చర్చి పెద్దలు చదవకుండానే మెచ్చుకుంటారు, సినిమాల కన్నా నయం కదా అని. సాహిత్యంలో డాక్టరేట్లున్న మా వర్గం చదవకుండానే నవ్వుతుంది. యద్దనపూడి సులోచనారాణి పాఠకుల్ని చూసి నవ్విన నవ్వే ఇదీ. అద్దె లైబ్రరీ ముందు నిలబడ్డ ఆడవాళ్లకి బుర్ర లేదని మగ విమర్శకులు అన్నప్పుడు మనకి కోపం వచ్చింది. అదే మాట చర్చికెళ్లే ఆడపిల్ల గురించి మనమే అంటుంటే మాత్రం తప్పుగా తోచడం లేదు. ఆమె మతం మనకి ఒక వెనకబాటు, ఆమె ఇంగ్లీషు మనకి ఒక ఎగతాళి.

చిట్టినగర్‌లో ఉండే ఒక నర్సమ్మాయి నైట్ డ్యూటీలో ఇవే చదువుతుంది. ఏముందమ్మా వీటిలో అంటే, “ఈ పుస్తకాల్లో మగాడు ఏడుస్తాడక్కా. తప్పు చేస్తే మోకాళ్ల మీద పడతాడు. మా ఇంట్లో మోకాళ్ల మీద కనపడేది మా అమ్మే” అంది. తర్వాత నవ్వి, “తాగడు కూడా” అని కలిపింది. పరిశోధన పత్రాలు చాలా చదివాను గానీ ఇంత సూటిగా చెప్పినవి తక్కువ. 1984లో జానిస్ రాడ్వే ‘రీడింగ్ ది రొమాన్స్’లో ఇలాంటి విషయమే చెప్పింది. ప్రేమ నవల చదివే గంట ఆడవాళ్లకి ఇంటి చాకిరీ నుంచి దొరికే సెలవు, ఆ గంటసేపు వాళ్లని చూసుకునేవాడు ఒకడు కథలో ఉంటాడు. మా నర్సమ్మాయి విషయంలో ఇంకోటి కూడా ఉంది. ఆ హీరోకి పైన ఒక అధికారి ఉన్నాడు. భర్త ఎవరికీ జవాబు చెప్పని ఇళ్లలో పెరిగిన పిల్లకి, భర్త దేవుడికైనా జవాబు చెప్పుకుంటాడనే ఊహ చిన్నదేమీ కాదు. దాన్ని నేను గౌరవిస్తాను.

నా పేచీ ఆ ఊహకి వసూలు చేస్తున్న ధరతో. ఈ తరహాలో అందరూ చదివే ‘రిడీమింగ్ లవ్’నే చూడండి. ఫ్రాన్సీన్ రివర్స్ 1991లో రాసింది, 2022లో సినిమా కూడా వచ్చింది. బైబిల్లోని హోషేయ, గోమెరుల కథని 1850ల కాలిఫోర్నియా బంగారు గనుల మధ్యకి తెచ్చింది. చిన్నప్పుడే అమ్ముడుపోయి వ్యభిచార గృహానికి చేరిన ఏంజెల్‌ని, ఈమే నీ భార్య అని దేవుడు మైకేల్‌కి చెబుతాడు. ఆమెకి చెప్పడు. చావుదెబ్బలు తిని స్పృహ తప్పుతున్న స్థితిలో ఆమె నోట్లోంచి వచ్చిన మాటే పెళ్లికి ఒప్పుకోలు అవుతుంది. ఆమె పారిపోతుంది, అతను వెనక్కి తెస్తాడు, మళ్లీ పారిపోతుంది. చివరిసారి మాత్రం అతను వెతుక్కుంటూ వెళ్లడు. ఆమె తనలాంటి ఆడవాళ్లకి ఒక నీడ ఏర్పాటు చేసి, తనే తిరిగొస్తుంది. రచయిత్రికి ఆ న్యాయం చెయ్యాలి, కథ అక్కడ కొంచెం ఊపిరి తీసుకుంటుంది. కానీ వందల పేజీలు ఏం నేర్పాయి? ఆడదాని ‘వద్దు’ అంటే ఆమె గాయం మాట్లాడుతోందనీ, మగాడి ‘కావాలి’ అంటే దేవుడు మాట్లాడుతున్నాడనీ. మగాడు మోకరిల్లింది నిజమే. అయితే అతను మోకరిల్లింది దేవుడి ముందు. ఆమె మాట వినడానికి కాదు.

చారిత్రక నవలల్లో ఈ ధర ఇంకా పెద్దది, అక్కడ చెల్లించేది ఒక్క ఆడది కాదు, జాతులు. 2014లో కేట్ బ్రెస్లిన్ రాసిన ‘ఫర్ సచ్ ఎ టైమ్’ ఎస్తేరు కథని నాజీల శిబిరంలో పెట్టింది. హీరో ఆ శిబిరం నడిపే నాజీ అధికారి, నాయిక యూదు అమ్మాయి. 2015లో అమెరికా ప్రేమ నవలా రచయితల సంఘం తన రీటా అవార్డులకి దాన్ని రెండు విభాగాల్లో పోటీలో నిలిపింది. 2021లో అదే సంఘం కారెన్ విటెమేయర్ ‘ఎట్ లవ్స్ కమాండ్’కి ఆధ్యాత్మిక ప్రేమ నవల విభాగంలో బహుమతి ఇచ్చింది. దాని హీరో 1890లో వూండెడ్ నీ దగ్గర లకోటా ఆదివాసులు 200 మందికి పైగా చనిపోయిన మారణకాండలో పాల్గొన్న సైనికుడు. పాఠకులు గొడవ చేస్తే రోజుల్లోనే ఆ బహుమతి వెనక్కి తీసుకున్నారు. హీరో పశ్చాత్తాపపడ్డాడు కదా అని సమర్థించారు కొందరు. పశ్చాత్తాపం దేవుడికీ అతనికీ మధ్య తీరిపోయింది. చచ్చిపోయినవాళ్లకి కథలో ఇక పని లేదు, వాళ్లు అతని హృదయ పరివర్తనకి ముడిసరుకు. శుభ్రత అంటే ఇదే. ముద్దుల్ని కడగాలనుకునే చేతులకి రక్తం అంటినట్టే తెలియదు.

ఇక మన దగ్గరికి వద్దాం. ఈ నవలల్లో పెళ్లిళ్ల పేరయ్య దేవుడే. మా డెల్టా చర్చిల్లో కూడా అంతే, సంబంధం కుదిరితే ‘దేవుని చిత్తం’ అంటారు. ఆదివారం పేపర్లో పెళ్లి ప్రకటనల కాలమ్ తీసి చూస్తే ఆ చిత్తం కులం వారీగా విడివిడిగా కనిపిస్తుంది. మాల క్రిస్టియన్, మాదిగ క్రిస్టియన్, కమ్మ క్రిస్టియన్, రెడ్డి క్రిస్టియన్. గలతీ పత్రిక మూడో అధ్యాయం మీద ప్రసంగం విని అందరూ ఆమెన్ అంటారు. పెళ్లి మాటలు మాత్రం ఆ గుడి బయట, చెప్పులు వేసుకున్నాక మొదలవుతాయి. అమెరికా నవలలో దేవుడు కులం అడగకపోవడానికి కారణం అక్కడ ఆ కాలమ్ లేకపోవడం. ఇక్కడి అమ్మాయి ఆ నవల చదివి, దేవుడి నిర్ణయం కోసం ప్రార్థన చేసుకుంటూ కూర్చుంటే, ఆ నిర్ణయం ప్రకటించేది మాత్రం మేనమామలు.

ఆ నవలల చివరి పేజీ చర్చిలో పెళ్లి. మా దగ్గర ఆ చివరి పేజీ ఎంత ఖరీదైందో చూడండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం హోదా హిందువులకే. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. మతం మారిన దళితులకి మన రాష్ట్రంలో దొరికేది బీసీ ‘సి’ గ్రూపు, 1 శాతం. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద చర్చి రిజిస్టర్లో సంతకం పెట్టడమంటే, నేను క్రైస్తవురాలినని చేతిరాతతో సాక్ష్యం ఇవ్వడం. ఆ సాక్ష్యం రేపు స్కాలర్‌షిప్పునో ఉద్యోగాన్నో అడ్డుకోవచ్చు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఒక పాస్టర్ కేసులో, మతం మారినవాళ్లకి అట్రాసిటీ చట్టం రక్షణ కూడా వర్తించదని చెప్పింది. అందుకే మా ఇళ్లలో రికార్డుల్లో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. తెల్ల గౌను లాంటి చీరలో నిలబడ్డ పెళ్లికూతురు ఆ క్షణంలో ప్రేమతో పాటు సర్టిఫికెట్ గురించీ ఆలోచిస్తుంది. ఇది రాయని ప్రేమ నవల మా అమ్మాయి గురించి ఏం తెలిసినట్టు?

కులం దాటితే ఏమవుతుందో కూడా మనకి తెలుసు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్యని ఆసుపత్రికి తీసుకొచ్చిన ప్రణయ్‌ని ఆమె కళ్ల ముందే నరికి చంపారు. అతను దళిత క్రైస్తవుడు, ఆమె వైశ్య కుటుంబంలో పుట్టింది. కిరాయి ఇచ్చి చంపించింది ఆమె తండ్రి. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు చంపినవాడికి మరణశిక్ష, మరో ఆరుగురికి యావజ్జీవం వేసింది. బడి రోజుల స్నేహం, పెద్దల వ్యతిరేకత, ధైర్యంగా చేసుకున్న పెళ్లి, ఒక క్రైస్తవ ప్రేమ నవలకి కావలసినవన్నీ ఆ జీవితంలో ఉన్నాయి. కథ శుభ్రంగా ముగిసే వీలు మాత్రం లేదు.

మరి ఇది రాయాల్సిందెవరు? బెజవాడ పత్రికలూ ప్రచురణ సంస్థలూ దశాబ్దాల పాటు తెలుగుదేశానికి ప్రేమ నవలలు పంచాయి. వాటిలో మేడలూ కార్లూ ఉన్న హీరోకి కులం పేరు ఉండదు, ఉండక్కర్లేదు, చదివేవాళ్లకి తెలుస్తుంది. క్రైస్తవ అమ్మాయి కనిపిస్తే టైపిస్టుగానో నర్సుగానో కనిపించి, నాయికకి దారి ఇచ్చి తప్పుకుంటుంది. చర్చి తన వంతుగా నవలని అమెరికా నుంచి దిగుమతి చేసుకుంది. మనం, స్త్రీవాదులం, పురాణాల్ని తిరగరాశాం. ఓల్గా ‘విముక్త’లో శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ సీతతో మాట్లాడారు, ఆ పుస్తకానికి సాహిత్య అకాడెమీ గౌరవం కూడా దక్కింది. గోమెరు మాత్రం మాట్లాడలేదు. హోషేయ గ్రంథంలో ఆమెకి ఒక్క మాట లేదు, రివర్స్ ఇచ్చిన మాటలు మైకేల్ కోసం ఇచ్చినవి. పురాణం అంటే మనకి రామాయణ భారతాలే అయినప్పుడు, మన తిరగరాతలో కూడా ఒక వీధి ఊరి బయటే ఉండిపోయింది.

చారిత్రక నవల కావాలంటే ముడిసరుకు మన కాళ్ల కిందే ఉంది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలువల నీళ్లు ఎవరి పొలాల్ని బంగారం చేశాయో, ఆ పొలాల్లో ఎవరు వంగి పనిచేశారో అందరికీ తెలుసు. 1859లో రాఘవాపురం మాలపల్లె నుంచి పగోలు వెంకయ్య బెజవాడలో మిషనరీ డార్లింగ్‌ని వెతుక్కుంటూ వచ్చాడు. ఆ తర్వాతి తరాల్లో బైబిలు స్త్రీలని పిలిచిన తెలుగు ఆడవాళ్లు పుస్తకం సంచీలో పెట్టుకుని, మగతోడు లేకుండా ఊరూరూ తిరిగారు. గుర్రం మీద వచ్చే అమెరికా హీరో కన్నా నాకు ఆ నడిచే ఆడమనిషి ప్రేమకథ మీద ఆసక్తి ఎక్కువ. ఆమె ఎవరిని కోరుకుంది, ఎవరిని కాదంది, కాదన్నప్పుడు ఏం పోగొట్టుకుంది?

శుభం కార్డున్న కథలు కూడా లేకపోలేదు. క్రైస్తవ కుటుంబంలో పుట్టి హిందువుల చేతా, చర్చి పెద్దల చేతా మాటలు పడ్డ గుర్రం జాషువా కూతురు హేమలత. ఆమె 1960లో గోరా కొడుకు లవణాన్ని పెళ్లి చేసుకుంది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి నాస్తికుడైన గోరా అంతకుముందే, 1948లో, తన కూతురు మనోరమని దళితుడైన అర్జునరావుకిచ్చి చేశాడు. చర్చి పులిపీఠం మీద చెప్పే సమానత్వం బెజవాడలో దేవుణ్ణి నమ్మనివాళ్ల ఇంట్లో పెళ్లిపీటలెక్కింది. మన చర్చి పెద్దలు దీని గురించి ఒక ఆదివారం ప్రసంగం చేస్తే వినాలని ఉంది.

ఈ నవలల్ని ఎవరూ లాక్కోకూడదు. ఆ నర్సమ్మాయి నైట్ డ్యూటీ మధ్య చదువుకునే గంట ఆమెదే, దాన్ని చూసి నవ్వే హక్కు నాకూ లేదు, నా తోటి డాక్టరేట్లకీ లేదు. చర్చి యూత్ మీటింగుల్లో వీటిని పంచుకోండి. పంచేటప్పుడు ప్రతి పుస్తకంతో పాటు రెండు ప్రశ్నలు కూడా పంచండి. ఈ హీరో మా పేట అమ్మాయిని చేసుకుంటాడా? చేసుకోమని దేవుడు అతనికి చెబితే, ఆమెని కూడా ఎవరైనా అడుగుతారా?