అమీర్‌పేట బస్సెక్కే ముందు

పరీక్షలైపోయాయంటే చాలు, మన హాస్టల్లో ఒకటే ప్రశ్న: "అన్నా, వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకోవాలి, ఎక్కడ చేరమంటావ్?" అడిగేవాడు బి.ఎస్సీ. కావచ్చు, బి.కాం. కావచ్చు, ఆమధ్య చరిత్ర ఎం.ఏ. మిత్రుడొకడు కూడా అడిగాడు. అడగడం తప్పు కాదు. కాని "ఎక్కడ" అన్నది ముందుకొచ్చి, "ఎలా" అన్నది వెనకబడిపోతోంది. నా బాధల్లా అదే.

నా సంగతే చెబుతాను. రెండేళ్ళ క్రితం వేసవిలో నేనూ అమీర్‌పేటలో దిగాను. మైత్రీవనం చుట్టుపక్కల గోడలు కనపడవు, బోర్డులే. ఒకచోట 18,000 రూపాయలు కట్టాను. నాన్న ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తెచ్చాడో అడగాలని తోచలేదు. దసరాకి ఇంటికెళ్ళినప్పుడు అమ్మ చేతులకి గాజులు లేవు.

హాల్లో వందమందికి పైగా ఉండేవాళ్ళం. మేష్టారు మంచివాడే, చక్కటి తెలుగులో విడమరిచి చెప్పేవాడు. ఆయన తెర మీద టైపు చేస్తుంటే మేం నోట్సులో రాసుకునేవాళ్ళం. ప్రోగ్రాముని కలంతో రాసుకోవడమన్నమాట! గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకున్నట్టే. 90 రోజులయ్యాక సర్టిఫికెట్టు చేతిలో పెట్టారు. తిరిగొచ్చి కంప్యూటరు ముందు కూర్చుంటే మొదటి లైను కూడా రాలేదు.

నాకు పని నేర్పింది మన మెస్ బిల్లు. నెల ఖర్చుని అందరి హాజరు రోజులతో భాగించి, ఎవరి వాటా వాళ్ళకి వేయడంలో ప్రతినెలా ఎంత రభస జరుగుతుందో మీకు తెలియంది కాదు. ఆ లెక్క చేసే పేజీ ఒకటి తయారుచేద్దామని కూర్చున్నాను. మొదట తెలుగు అక్షరాలకి బదులు పిచ్చిగీతలు కనిపించాయి. పేజీ యూటీఎఫ్-8లో ఉందని బ్రౌజరుకి చెప్పే లైను పెట్టలేదని కనుక్కోవడానికి ఒక రాత్రి పట్టింది. ఫోన్లో చూస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయి. దానికీ ఒక లైనే మందు. అన్నిటికన్నా వింత, 1,800 బిల్లుకి గెస్టు చార్జీ 50 కలిపితే 180050 వచ్చింది! గడిలో వేసిన అంకెను జావాస్క్రిప్ట్ అక్షరాలుగానే తీసుకుంటుందనీ, సంఖ్యగా మార్చుకోవలసిన బాధ్యత మనదేననీ ఆ రోజు తెలిసింది. ఇక మర్చిపోను. మొజిల్లా వారి ఎం.డి.ఎన్., ఫ్రీకోడ్‌క్యాంప్ — ఈ రెండే నా గురువులు. రెండూ ఉచితమే.

చాట్‌జీపీటీని అడిగితే మొత్తం పేజీ రాసిపెడుతుంది కదా అని కొందరంటారు. రాస్తుంది, కాదనను. అది కూడా 180050 అని చూపించిన రోజున ఎక్కడ చూడాలో తెలియాలిగా?

ఇంకొక సంగతి. ఇన్‌స్టిట్యూటులు ఆ ఏడాది మోజులో ఉన్నదాన్నే అమ్ముతాయి. ఒకప్పుడు ఫ్లాష్ నేర్చుకోవడానికి జనం ఫీజులు పోశారు. 2020 డిసెంబరు 31తో అడోబీ దానికి మంగళం పాడింది. ఆంగ్యులర్ జేఎస్‌కి 2021 చివర అదే గతి పట్టింది. 1991లో టిమ్ బెర్నర్స్‌లీ పెట్టిన తొలి వెబ్‌సైటు పేజీలు మాత్రం ఈనాటి బ్రౌజరులోనూ తెరుచుకుంటాయి. అంచేత హెచ్.టి.ఎమ్.ఎల్., సి.ఎస్.ఎస్., జావాస్క్రిప్ట్ ఈ మూడూ చేతికి పట్టుబడకుండా రియాక్ట్ జోలికి పోవద్దనే నా సలహా.

అలాగని అమీర్‌పేట దండగ అని నేననను. తెలుగు మీడియంలో చదివొచ్చినవాడికి ఆ ఇంగ్లీషు పాఠాలు కొరుకుడు పడవు. తెలుగులో చెప్పే మనిషి విలువ వాడికే తెలుసు. ఇంట్లో కంప్యూటరు లేనివాళ్ళూ, ఒంటరిగా కూర్చుంటే మనసు నిలవనివాళ్ళూ ఉన్నారు. వెళ్ళండి. కాని మూడు నెలలు సొంతంగా తంటాలు పడి, ఒక పేజీ తయారుచేసుకుని, అది పట్టుకుని వెళ్ళండి. డెమో క్లాసులో మేష్టారి వాగ్ధాటి చూసి మోసపోకండి. వెనక బెంచీ కుర్రాడి తెర దగ్గరికి ఎవరైనా వచ్చి తప్పు చూపిస్తున్నారా? అది చూడండి. మనం డబ్బు పెట్టి కొనవలసింది ఆ తప్పు చూపించే మనిషినే, పాఠాన్ని కాదు. "ఉద్యోగం గ్యారంటీ" అన్న బోర్డు కనిపిస్తే రెండో మెట్టు ఎక్కకండి.

ఇక మన ఇంటి సంగతి. కాలేజీ ల్యాబులో 40 కంప్యూటర్లున్నాయి, ఇంటర్నెట్టుంది. సాయంత్రం 5 కొట్టగానే తాళం పడుతుంది! రాత్రి 9 దాకా తెరిచి ఉంచితే, జూనియర్ల తప్పులు చూసిపెట్టడానికి సీనియర్లం నలుగురం వంతులవారీగా కూర్చుంటాం. ఒక్క పైసా అక్కర్లేదు. ప్రిన్సిపాల్ గారికి ఈ మాట చేరవేయవలసిన పని మన యూనియన్ మిత్రులది. కొత్త కార్యవర్గం తొలి సమావేశంలోనే దీన్ని పెట్టాలని, ఈ సంచిక ద్వారానే అడుగుతున్నాను.