పలక చట్రంలాంటిదే!

ఒకప్పుడు ఊరూరా బడిపిల్లల చేతుల్లో ఉన్న మార్కాపురం పలక గుర్తుందా? దాని చుట్టూ నాలుగు చెక్కల చట్రం. తలుపులకు తాళాలు, మడత బందులు కూర్చే గాడిని రౌటర్‌తో తీసేందుకు వడ్రంగులు వాడేదీ అలాంటిదే. కాకపోతే పట్టీలు జరిపి కొలత మార్చుకోవచ్చు.

గైడ్ బుష్ 16, బిట్ 10 మిల్లీమీటర్లయితే చట్రం లోపలి కొలత గాడికన్నా 6 మిల్లీమీటర్లు ఎక్కువుండాలి. తక్కువైతే గాడి ఇరుకవుతుంది, సరిదిద్దుకోవచ్చు. అసలు బుష్ పెట్టడమే మరిచారో... బిట్ చట్రాన్ని కొరికేస్తుంది, ఖరీదైన టేకు తలుపూ పాడే! అందుకే ముందు పనికిరాని చెక్కమీద నడిపి చూడాలి. చట్రాన్ని క్లాంపులతోనే బిగించాలి, చేత్తో అదిమితే జారుతుంది.

పనయ్యాక? గిద్దలూరు వైపు ఎండలకు ప్లైవుడ్ పట్టీలను గోడకు ఆనించి ఉంచితే వంగిపోవచ్చు. పడుకోబెట్టి దాచండి. బుష్, మరలు చట్రంతోపాటే ఒక డబ్బాలో ఉండాలి.