గడ్డ కరిగించే సూది మన దగ్గరి ఆసుపత్రిలోనే వేయాలి

గుండెపోటు బలిసినవాళ్ల జబ్బు, రెక్కల కష్టం చేసుకునేవాడికి రాదు అనే మాట పల్లెల్లో ఇంకా వినబడుతూనే వుంది. ఇది నిజం కాదు. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో జరిగిన 1,354 చావులకు కారణాలు ఆరా తీశారు. పక్షవాతంతో సహా గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవాళ్లే వందకు 32 మంది అని తేలింది. ఇవి నాట్లు వేసే, కోతలు కోసే ఊళ్లు. కనుక ఇది వ్యవసాయ కార్మిక సంఘం పట్టించుకోవలసిన సమస్యే.

గుండె కూడా ఒక కండే. దానికి నెత్తురు తెచ్చే నాళాల లోపలి గోడకు ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది. ఒకనాడు ఆ పేరుకున్న చోట పగులుతుంది. అక్కడ నెత్తురు గడ్డకట్టి దారి మూసేస్తుంది. కాలువకు అడ్డుపడితే కింది మడి ఎండినట్టు, ఆ నాళం కింది కండ చావడం మొదలుపెడుతుంది. ఎండిన మడిని మళ్లీ నాటుకోవచ్చు. చచ్చిన గుండె కండ తిరిగి మొలవదు.

మూసుకున్న దారి తెరవడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, చేతి నుంచో తొడ నుంచో సన్నని గొట్టం పంపి, బుడగతో నాళం తెరిచి స్టెంటు పెట్టడం. సకాలంలో జరిగితే ఇదే మేలు. కానీ ఆ సౌకర్యం పట్నాల్లో వుంది. రెండోది, గడ్డను కరిగించే సూది మందు: స్ట్రెప్టోకైనేజ్, టెనెక్టెప్లేజ్ వంటివి. ఇ.సి.జి.లో గుండెపోటు తేలాక రెండు గంటల్లోపు స్టెంటు వేయడం కుదరదనుకుంటే, ముందు ఈ సూది వేసి తర్వాత పెద్దాసుపత్రికి పంపాలన్నది వైద్యశాస్త్రం ఒప్పుకున్న పద్ధతి.

ఇది నిన్న మొన్న తేలిన సంగతి కాదు. 1988లో 17,187 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఏ మందూ ఇవ్వనివాళ్లలో అయిదు వారాల్లో వందకు 13 మంది గుండె, రక్తనాళాల కారణంగా చనిపోతే, స్ట్రెప్టోకైనేజ్, ఆస్పిరిన్ రెండూ ఇచ్చినవాళ్లలో 8 మంది పోయారు. ఆలస్యం ఎంత నష్టమో 1996లో లెక్క కట్టారు. నొప్పి మొదలైన మొదటి గంటలో వెయ్యిమందికి సూది వేస్తే 65 ప్రాణాలు నిలుస్తాయి. రెండో గంటలో వేస్తే 37 మాత్రమే.

మరి మనవాళ్లకు ఆ గంటలు ఎక్కడ పోతున్నాయి? కూలి పోతుందని సాయంత్రం దాకా ఓర్చుకుంటారు. గ్యాసని సోడా తాగిస్తారు. అప్పు కోసం, బండి కోసం తిరుగుతారు. తీరా దగ్గరి ఆసుపత్రికి చేరితే, ఇ.సి.జి. తీసేవాళ్లు లేరు, పట్నం పొమ్మంటారు. దేశంలోని 89 ఆసుపత్రుల్లో 20,468 మంది గుండె రోగుల వివరాలతో 2008లో ఒక అధ్యయనం వెలువడింది. అందులో సగంమంది ఆసుపత్రికి చేరేసరికే ఆరు గంటలు దాటింది. గడ్డ కరిగించే మందు ధనికుల్లో వందకు 60 మందికి పైగా అందితే, పేదల్లో 52 మందికే అందింది. నెల రోజుల్లో ధనికులు వందకు 5.5 మంది చనిపోతే, పేదలు 8.2 మంది చనిపోయారు. వైద్యంలోని తేడాను సరిచేసి లెక్కిస్తే, చావుల్లో తేడా మిగల్లేదని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. ఇది కర్మ కాదు, తలరాత కాదు. వైద్యం అందకపోవడమే.

సూది వేస్తే రక్తస్రావం అవుతుంది, చిన్న ఆసుపత్రుల్లో ప్రమాదం అని కొందరు వాదిస్తారు. ప్రమాదం వున్నమాట నిజమే. వెనక ఎప్పుడైనా మెదడులో రక్తస్రావమైనవాళ్లకు, ఈమధ్యనే పెద్ద ఆపరేషన్ అయినవాళ్లకు ఇది పనికిరాదు. అందుకే ఇ.సి.జి. వుండాలి, డాక్టరు వుండాలి అంటున్నాం. ఇ.సి.జి. బొమ్మను ఫోనులో పంపితే పట్నంలోని గుండె డాక్టరు చూసి చెప్పగలడు. పొరుగున తమిళనాడులో చిన్న ఆసుపత్రులను పెద్దవాటితో ఇట్లా కలిపాక, ఏడాదిలోపు చావులు వందకు 17.6 నుంచి 14.2కు తగ్గాయని 2017లో వెల్లడైంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2023లో ఈ సూదిని ఉచితంగా ఇచ్చే కార్యక్రమం ప్రారంభించారు. మంచిదే. కానీ పథకం గోడమీద రాస్తే చాలదు, అర్ధరాత్రి రోగి వచ్చినా సూది దొరకాలి.

కాబట్టి మన డిమాండ్లు ఇవి. ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో, ఏరియా ఆసుపత్రిలో రాత్రింబవళ్లు ఇ.సి.జి., దాన్ని తీసేవాళ్లు వుండాలి. గడ్డ కరిగించే మందు ఎప్పుడూ నిల్వ వుండాలి. 108 బండి రోగిని సూది వేసే చోటికే నేరుగా తీసుకుపోవాలి. సూది వేశాక ఒక రోజులోపు పెద్దాసుపత్రిలో ఖర్చు లేకుండా యాంజియోగ్రాం, అవసరమైతే స్టెంటు జరగాలి.

కార్యకర్తలు మెమొరాండం ఇచ్చి వూరుకోకూడదు. ఆసుపత్రికి వెళ్లి, ఈ రాత్రి సూది వుందా, ఇ.సి.జి. ఎవరు తీస్తారు అని అడగాలి. జవాబు రాతలో తీసుకోవాలి. ప్రతి కూలి ముఠాలో ఒక మాట చెప్పాలి: ఛాతీ బరువెక్కి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, చెమటలు పడితే పనిలోంచి వెంటనే లేవాలి. ఆడవాళ్లకు, షుగరున్నవాళ్లకు ఒక్కోసారి నొప్పి లేకుండా ఆయాసం, వాంతులే వస్తాయి. రోగిని నడిపించొద్దు, 108కి ఫోను చేయాలి, ఆసుపత్రిలో మొదట ఇ.సి.జి. తీయమని పట్టుబట్టాలి.

కూలిరేటు కోసం పోరాడి సాధించుకున్నాం. ఆ కూలి తినడానికి మనిషి బతికుండాలి గదా! ఈ సూది కోసం కూడా పోరాడాలి.