మేడ మీది బొమ్మల బడి

విద్యాశాఖ పద్దులపై పార్లమెంటులో చర్చ వచ్చినప్పుడల్లా కళల ప్రస్తావన ఒకటి రెండు వాక్యాలలో వినిపించి, అంతలోనే అణగిపోవడం పరిపాటి. బడిలో చోటు దొరకని విద్య ఎక్కడికి పోతున్నదన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినవస్తుంది. దానికి జవాబు కావలసినవారు సూరత్ నగరంలోని వరాఛా వైపు ఒకసారి దృష్టి సారించాలి.

వరాఛా వజ్రాల పేట. సౌరాష్ట్ర పల్లెల నుంచి వలస వచ్చిన కుటుంబాలు అక్కడ సానపట్టే పనిలో స్థిరపడ్డాయి. ప్రపంచంలో సాన తీరే ప్రతి పది వజ్రాలలో సుమారు తొమ్మిది సూరత్‌లోనే తీరుతున్నాయని అంచనా. అదే నగరంలో మరమగ్గాలను నమ్ముకొని బతుకుతున్న తెలుగు పద్మశాలీలూ పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. రాతిలోని కోణాన్ని, వస్త్రంలోని వన్నెను పసిగట్టగల కన్నే ఆ ఊరికి అన్నం పెడుతున్నది.

వరాఛాను ఆనుకొని ఉన్న సరథాణాలో, తక్షశిల అనే వాణిజ్య భవనం పైకప్పు మీద అక్రమంగా వేసిన షెడ్డులో, చిత్రలేఖనం, డిజైన్ నేర్పే ప్రైవేటు తరగతి ఒకటి నడిచేది. 2019 మే 24వ తేదీ మధ్యాహ్నం కింద పుట్టిన మంటలు పైకి పాకాయి. చెక్క మెట్లు కాలిపోగా దిగే దారి లేక పిల్లలు కిటికీలలో నుంచి దూకారు. 22 మంది విద్యార్థులు మరణించారు. మరునాడు వెలువడిన 12వ తరగతి ఫలితాలలో ఆ మృతులలో ముగ్గురు ఉత్తీర్ణులైనట్లు తేలింది.

దుర్ఘటన అనంతరం అధికారులు మేల్కొన్నారు. తనిఖీలు జరిగాయి, కోచింగ్ కేంద్రాలకు తాళాలు పడ్డాయి, అరెస్టులూ జరిగాయి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు జారీ చేసింది. ఇవన్నీ అవసరమే. అయితే బొమ్మలు గీయడం నేర్చుకోవడానికి పిల్లలు ఆ షెడ్డుకు ఎందుకు ఎక్కవలసి వచ్చిందన్న ప్రశ్న ఆ హడావిడిలో మరుగున పడిపోయింది.

కారణం అంత నిగూఢమైనదేమీ కాదు. అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ 1961 నుంచి ఉన్నది. దానిలో చేరడానికైనా, ఆర్కిటెక్చర్ చదవడానికైనా ప్రవేశ పరీక్షలో చిత్రలేఖన నైపుణ్యం చూపాలి. బడి మాత్రం దానిని నేర్పదు. పరీక్ష పెట్టేదీ ప్రభుత్వ వ్యవస్థే, పాఠం చెప్పనిదీ ప్రభుత్వ వ్యవస్థే! మధ్యనున్న ఖాళీని అద్దె గదుల వ్యాపారం పూరిస్తున్నది.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం, ఆరు నుంచి ఎనిమిదవ తరగతి వరకు నూరుమందికి మించి పిల్లలుంటే ఆ బడికి పూర్తికాలపు ప్రధానోపాధ్యాయుడు ఉండాలి. కళావిద్యకు మాత్రం పార్ట్‌టైమ్ బోధకుడు చాలు. నూరుమంది లేని బడికి ఆ భాగ్యమూ లేదు. పదవ తరగతి వరకు కళలు తప్పనిసరి కావాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం చెప్పింది. కళలకూ శాస్త్రాలకూ మధ్య అడ్డుగోడలు ఉండరాదని 2020 నాటి జాతీయ విద్యావిధానం ఉద్ఘాటించింది. పత్రాలలో పూర్తి గౌరవం, ఉద్యోగంలో సగం జీతం: ఇదీ మన కళావిద్య స్థితి.

తెలుగువారికి ఈ ఆలోచన కొత్తది కాదు. 1910లో బందరులో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల చిత్రకళకు సముచిత స్థానమిచ్చింది. వంగదేశం నుంచి వచ్చిన ప్రమోద్ కుమార్ చటర్జీ వద్దనే అడివి బాపిరాజు చిత్రలేఖనం అభ్యసించారు. అటువంటి వారసత్వం గల మన రాష్ట్రాలలో పదవ తరగతి పబ్లిక్ పరీక్షలో చిత్రలేఖనానికి గాని సంగీతానికి గాని చోటు లేదు. పరీక్షలో లేని పాఠాన్ని బడి పట్టించుకోదని తల్లిదండ్రులందరికీ తెలుసు.

లెక్కల మాస్టారే లేని బడికి డ్రాయింగ్ మాస్టారు ఎందుకని కొందరు అడగవచ్చు. ఆ వాదంలో కొంత న్యాయం లేకపోలేదు. కాని కలవారి బిడ్డలు ఫీజులు చెల్లించి సంగీతం, నృత్యం, చిత్రలేఖనం ఎలాగూ నేర్చుకుంటారు. బడి నుంచి కళను తీసివేస్తే నష్టపోయేది సానపట్టేవాని బిడ్డ, మగ్గం నడిపేవాని బిడ్డ. ఆ బిడ్డకు లెక్కల మాస్టారూ కావాలి, డ్రాయింగ్ మాస్టారూ కావాలి. ఒకరి లోటు చూపి రెండవవారిని ఎగవేయడం పాలకులకు తగదు.

రాజ్యాంగ మూలప్రతి పుటలను నందలాల్ బోసు, ఆయన శిష్యులు చిత్రాలతో అలంకరించారని మన ప్రజాప్రతినిధులు సగర్వంగా చెప్పుకుంటారు. ఆ గర్వం నిజమైనదే అయితే చేయవలసిన పని చిన్నదే. విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ‘పార్ట్‌టైమ్’ అన్న మాటను కళావిద్య విషయంలో తొలగించాలి. రాష్ట్రాలు ఆ మేరకు నియామకాలు జరపాలి. బొమ్మలు గీసే పిల్లలకు బడి ఆవరణలోనే, నేల మీదనే ఒక గది ఇవ్వాలి.