ఉక్కునగరపు ఫుట్‌బాల్: యజమాని పెట్టే ఖర్చు చాలునా?

క్రీడాజట్టు యజమానిపై అభిమానులు చేసే ఫిర్యాదు ఏ దేశంలోనైనా ఒక్కటే: "ఉండి కూడా పెట్టడు." జట్టు గెలిచినంతకాలం ఈ మాట వినిపించదు. నాలుగు ఓటములు వరుసగా ఎదురైతే చాలు, ఆటగాళ్ళ తప్పులు వెనుకకు పోయి యజమాని సంచి ముందుకు వస్తుంది. మహానగరాల జట్లకు ప్రేక్షకుల రాబడి, ప్రకటనల రాబడి దండిగా ఉంటాయి. చిన్న ఊరి జట్టుకు యజమాని ఔదార్యమే ప్రధానమైన ఆధారం. కనుక ఆ సంచి మూతి ఎంతవరకు విప్పుతున్నాడని అక్కడి అభిమాని నిత్యం తొంగిచూడడంలో వింత లేదు.

ఈ వివాదానికి పుట్టినిల్లు వంటిది అమెరికాలోని బేస్‌బాల్. పిట్స్‌బర్గ్ అనే ఉక్కునగరపు జట్టు పైరేట్స్ జాతీయ కిరీటాన్ని చివరిసారి గెలుచుకున్నది 1979లో. 1993 నుంచి 2012 వరకు వరుసగా 20 సీజన్లపాటు దానికి గెలుపులకంటె ఓటములే ఎక్కువ. 2018 జనవరిలో ఊరంతా అభిమానించే ఆండ్రూ మెక్‌కచన్‌ను, బంతి విసరడంలో మేటి అయిన గెరిట్ కోల్‌ను ఇతర జట్లకు అప్పగించివేసినప్పుడు అభిమానులు భగ్గుమన్నారు. ఆ ఆటలో జీతాలకు గరిష్ఠ పరిమితి లేదు. ధనిక జట్ల రాబడిలో కొంత చిన్న జట్లకు పంచుతారు. అలా వచ్చిన సొమ్ము ఆటగాళ్ళకు చేరుతున్నదా, యజమాని పెట్టెలో నిలిచిపోతున్నదా అన్నదే అక్కడి తగవు.

అదే బేస్‌బాల్‌లో దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉన్నది. 2002లో ఓక్లండ్ జట్టు సుమారు 4 కోట్ల డాలర్ల జీతాలతో 103 ఆటలు గెలిచింది. ఆ ఏడాది న్యూయార్క్ యాంకీస్ దానికి మూడురెట్లు ఖర్చుపెట్టి గెలిచినవి కూడా 103. తర్వాత ఇద్దరూ నాకౌట్ పోటీల తొలి మెట్టుమీదనే జారిపడ్డారు. అంటే డబ్బు అవసరమే గాని, డబ్బే ఆట కాదు.

పిట్స్‌బర్గ్‌కూ మన జంషెడ్‌పూర్‌కూ పాత చుట్టరికం ఒకటి ఉన్నది. మన ఉక్కునగరానికి తొలి నమూనా గీసినది పిట్స్‌బర్గ్‌కు చెందిన జూలియన్ కెనెడీ సంస్థ. నేడు ఆ ఊరి ప్రశ్నే ఈ ఊరిలోనూ వినవస్తున్నది. అయితే ఇక్కడ ఆట ఫుట్‌బాల్. యజమాని టాటా స్టీల్.

ఊరికంటె ముందే మైదానం

జంషెడ్‌పూర్‌లో ఫుట్‌బాల్ నిన్నమొన్న వచ్చిన వ్యాపారం కాదు. ఊరు పుట్టకముందే, 1902లో, జంషెడ్జీ టాటా తన కుమారుడు దోరాబ్జీకి వ్రాసిన లేఖలో, కట్టబోయే పట్టణానికి విశాలమైన వీథులు, నీడనిచ్చే చెట్లు, అన్ని మతాల ప్రార్థనాస్థలాలతోపాటు ఫుట్‌బాల్, హాకీ ఆటలకు పెద్ద మైదానాలు విడిచిపెట్టాలని చెప్పాడు. ఆ పట్టణానికి ఒడిశా, బీహారు, బెంగాలుల నుంచే గాక, శ్రీకాకుళం వంటి జిల్లాల నుంచి తెలుగువారు కూడా పనికోసం తరలివెళ్ళారు. కర్మాగారంలో షిఫ్టు ముగించిన కార్మికునికి సాయంకాలపు మైదానం జీతంలో భాగమంత సహజమైపోయింది.

1987లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ వెలసింది. దేశం నలుమూలల నుంచి బాలురను ఎంపికచేసి, వసతి, చదువు, శిక్షణ సమకూర్చిన సంస్థ అది. కార్ల్‌టన్ చాప్‌మన్, రెనెడీ సింగ్, మహేశ్ గౌలీ, దీపక్ మండల్, సుబ్రత పాల్ వంటి భారత జట్టు ఆటగాళ్ళు అక్కడ ఎదిగినవారే. 2022లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడైన కల్యాణ్ చౌబే కూడా ఆ అకాడమీ గోల్‌కీపరే. కాని ఒక విడ్డూరం: మొక్కలు ఇక్కడ, కాపు మరొకచోట. ప్రథమశ్రేణి లీగులో ఆడే జట్టు ఆ ఊరికి లేకపోవడంతో, అక్కడ పదునెక్కిన కుర్రవాళ్ళు ముప్ఫయి ఏళ్ళపాటు కలకత్తా, గోవా మైదానాలకు పేరు తెచ్చారు.

2017లో ఆ లోటు తీరింది. ఇండియన్ సూపర్ లీగులో జంషెడ్‌పూర్ ఎఫ్.సి. ప్రవేశించింది. ఆ జూలైలో జరిగిన ఆటగాళ్ళ ఎంపికలో తొలి అవకాశం దానికే దక్కగా, 1.10 కోట్ల రూపాయలకు రక్షకుడు అనస్ ఎడతొడికను తీసుకున్నది. ఆనాటి అత్యధిక ధర అదే. మరుసటి సంవత్సరం ఆస్ట్రేలియా ప్రపంచ కప్ వీరుడు టిమ్ కాహిల్‌ను రప్పించింది. పిసినారి అన్న మాట ఆ రోజుల్లో ఎవరూ అనలేదు.

గెలుపు చూడని ఊరు

జట్టు చరిత్రలో మహోజ్జ్వల ఘట్టం 2021-22 సీజను. ఇంగ్లండులో అనుభవం గడించిన ఓవెన్ కాయిల్ శిక్షకుడు. స్కాట్లండుకు చెందిన గ్రెగ్ స్టివర్ట్ 10 గోల్స్ చేసి, మరి 10 గోల్స్‌కు బాట వేసి, లీగులో ఉత్తమ ఆటగాడయ్యాడు. 20 ఆటల్లో 43 పాయింట్లతో జట్టు లీగ్ షీల్డ్ గెలుచుకున్నది. 2022 మార్చి 7న ఋత్విక్ దాస్ చేసిన ఒకే ఒక గోల్‌తో ఏ.టి.కె. మోహన్ బగాన్‌ను ఓడించి ఆ గౌరవం దక్కించుకున్నది.

ఇక్కడ పాఠకులు గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. మహమ్మారి కారణంగా ఆ సీజను ఆటలన్నీ గోవాలోనే జరిగాయి. జంషెడ్‌పూర్ ప్రజలు తమ విజేతలను టెలివిజన్‌లో మాత్రమే చూడగలిగారు. 2022-23లో ఆటలు సొంత మైదానానికి తిరిగి వచ్చేసరికి కాయిల్ వెళ్ళిపోయాడు. స్టివర్ట్ ముంబయి సిటీ జట్టులో చేరాడు. మాంచెస్టర్ సిటీ యాజమాన్య సంస్థకు అప్పట్లో ప్రధాన భాగస్వామ్యం ఉండిన జట్టు అది. స్టివర్ట్‌తో ముంబయి షీల్డ్ గెలిచింది. షీల్డ్ విడిచిన జంషెడ్‌పూర్ 11 జట్లలో 10వ స్థానానికి జారింది. ఆ మరుసటి ఏడు 12లో 11వది అయింది. పెళ్ళికి వెళ్ళలేక, పల్లకి దిగే వేళకైనా వధూవరులను చూడాలని గుమ్మంలో నిలబడినవారికి ఖాళీ పల్లకి చేరినట్లయింది ఆ ఊరి అభిమానుల పరిస్థితి.

వారి ఆగ్రహంలో న్యాయం లేకపోలేదు. 2024-25లో యజమాని సంస్థ అమ్మకాలు, విదేశీ శాఖలతో కలిపి, 2 లక్షల కోట్ల రూపాయలు దాటాయి. లీగులో ఒక దశలో ఒక్కొక్క జట్టు జీతాలకు విధించిన గరిష్ఠ పరిమితి 16.5 కోట్లు. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినవానికి, మంచం బారెడు ఉండగా కాళ్ళు ముడుచుకున్నట్లు తోచడం సహజం.

కాని నాణేనికి రెండవ వైపు కూడా ఉన్నది. పరిమితి ఉన్నచోట ఎంత ధనికుడైనా కొంతమేరకే పెట్టగలడు. షీల్డ్ గెలిచినందుకు ఆ ఏడు దక్కిన బహుమతి 3.5 కోట్లు, జీతాల పరిమితిలో దాదాపు ఐదవ వంతు. లీగులో ఆట లాభసాటి వ్యవహారం కాదని దీనినిబట్టే తెలుస్తుంది. పైగా కంపెనీ సొమ్ము ఒక వ్యక్తి సొంత జేబు కాదు. అందులో లక్షలాది వాటాదారులున్నారు, కార్మికులున్నారు. నష్టమని తెలిసిన పనికి ఏటా డబ్బు కేటాయించేవారు ఎంత, ఎందుకు అని లెక్క చెప్పుకోవలసినవారే.

హైదరాబాదు చెప్పిన పాఠం

"ఎంత పెట్టాడు" అన్న ప్రశ్న ఒక్కటే చాలదనడానికి మన హైదరాబాదే నిదర్శనం. అదే 2021-22లో 38 పాయింట్లతో పట్టికలో రెండవ స్థానం పొందిన హైదరాబాద్ ఎఫ్.సి., 2022 మార్చి 20న ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ కిక్కుల్లో ఓడించి కప్పు గెలిచింది. ఆ సీజనులో 18 గోల్స్ చేసి అగ్రగణ్యుడైన ఒగ్‌బెచె ఆ జట్టువాడే. రహీం సాహెబు శిక్షణలో 1950ల నాటి భారత జట్టుకు ఆటగాళ్ళను అందించిన నగరానికి పూర్వవైభవం తిరిగి వచ్చినదని సంబరపడ్డాం.

ఆ సంబరం రెండేళ్ళు నిలువలేదు. 2023-24 నాటికి జీతాల బకాయిలు పేరుకుపోయాయి. కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోరాదని నిషేధం పడింది. విదేశీ ఆటగాళ్ళు, పలువురు స్వదేశీయులు సీజను మధ్యలోనే తరలిపోగా, మిగిలిన కుర్రవాళ్ళతో ఆడి జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది. 2024లో యాజమాన్యం చేతులు మారింది. 2025లో జట్టు పేరు, ఊరు రెండూ మార్చుకుని ఢిల్లీకి వెళ్ళిపోయింది. కప్పు గెలిచిన మూడేళ్ళకు భాగ్యనగరానికి ఆ జట్టే లేకుండా పోయింది! మంచమున్నంతవరకే కాళ్ళు చాచుకోవాలన్న పెద్దల మాట ఆటస్థలంలోనూ వర్తిస్తుంది.

ఆటగాని వైపు నుంచి చూస్తే ఇది మరింత స్పష్టం. ఫుట్‌బాల్ ఆటగాని సంపాదన కాలం పది పన్నెండేళ్ళు. మోకాలు దెబ్బతింటే అంతకంటె తక్కువ. అటువంటివానికి కాగితంమీది రెండు కోట్లకంటె నెలనెలా చేతికందే కోటి విలువైనది. 2025 జూలైలో లీగు భవిష్యత్తే అనిశ్చితమై కొత్త సీజనును నిలిపివేసినప్పుడు, కొన్ని జట్లు ఏకంగా జీతాలే ఆపివేశాయి. యజమాని నిలకడ ఎంత విలువైనదో ఆనాడు అందరికీ అర్థమైంది.

ఏది చాలినంత?

కాబట్టి చిన్న ఊరి యజమానిని మూడు ప్రశ్నలు అడగడం సబబు. మొదటిది: ఒప్పుకున్న జీతం ఒప్పుకున్న రోజున ఇస్తున్నాడా? రెండవది: రేపటి ఆటగాని తయారీకి పెడుతున్నాడా? మూడవది: గెలిచిన జట్టును నిలుపుకోవలసిన అదనులో చేయి చాచాడా?

రెండవ ప్రశ్నకు జంషెడ్‌పూర్ యజమాని నిబ్బరంగా సమాధానం చెప్పగలడు. తనకు సూపర్ లీగు జట్టు లేని కాలంలో, ఇతరుల జట్లకోసం, మూడు దశాబ్దాలు అకాడమీని పోషించినవాడిని లోభి అనడం అన్యాయం. మొదటిదాని విషయంలో, హైదరాబాదు వలె జట్టు మూలాలే కదిలిపోయే దుస్థితి ఆ ఊరికి రాలేదు. మూడవ పరీక్షలో మాత్రం 2022 వేసవి ఒక లోటుగానే మిగిలిపోయింది. స్టివర్ట్‌ను నిలుపుకోవడం ఒక్క యజమాని చేతిలోనే లేదు. ఆటగానికీ తన దారి ఎన్నుకునే హక్కున్నది. అయినా ఒక శిక్షకుడు, ఒక ఆటగాడు వెళ్ళిపోగానే మొదటి స్థానం నుంచి పదవ స్థానానికి పడిపోయినదంటే, వారి తర్వాత ఎవరన్న ఆలోచన ముందుగా జరగలేదనే అనుకోవాలి. అది డబ్బు కొరత కాదు, ముందుచూపు కొరత.

ఈ తీర్పును బలపరిచేది తర్వాతి కథే. 2023-24 మధ్యలో పగ్గాలు అందుకున్న స్వదేశీ శిక్షకుడు ఖాలిద్ జమీల్, మరుసటి సీజనులో జట్టును ఐదవ స్థానానికి తెచ్చి, సెమీఫైనల్ దాకా నడిపించాడు. 2025 ఏప్రిల్ 3న సొంత మైదానంలో, ఆ ఏటి షీల్డ్ విజేత మోహన్ బగాన్‌పై 2-1తో గెలిచినప్పుడు, 2022లో చూడలేకపోయిన గెలుపు ఆ ఊరి కళ్ళకు కొంతవరకైనా అందింది. నాలుగు రోజుల తర్వాత కలకత్తాలో 0-2తో ఓడినా, మే నెలలో సూపర్ కప్ ఫైనల్ ఆడింది. ఆగస్టులో జమీల్‌ను భారత జట్టు శిక్షకుడిగా పిలుచుకున్నారు. మళ్ళీ పాత ప్రశ్నే: వెళ్ళినవాని స్థానం నింపే ఏర్పాటు ఉన్నదా?

అభిమాని యజమానిని నిలదీయవలసిందే. నిలదీసే అభిమాని లేని జట్టు దిక్కులేని జట్టు. అయితే అడగవలసినది ఈ ఏడు ఎన్ని కోట్లు కుమ్మరించాడని కాదు. అకాడమీలో పెరిగిన కుర్రవాడు ఇరవై ఏళ్ళు వచ్చాక కూడా ఇదే ఊరి చొక్కా తొడుక్కునేందుకు తగిన జీతం, తగిన చోటు చూపుతున్నాడా అని. ఒక్క ఏడు ఎగసి ఆరిపోయే మంట ఉక్కును కరిగించదు. కొలిమి రాత్రింబవళ్ళు మండుతూనే ఉండాలని జంషెడ్‌పూర్ కార్మికునికి ఎవరూ చెప్పనక్కరలేదు.